అవధానము: ఇంటి అరుగుమీది సాధన



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మూడు పాయలు గలది. దేహమును నిలుకడగా నుంచు యోగము మొదటిది. మనస్సు ఎక్కడ సంచరించుచున్నదో కనిపెట్టియుండు ఎఱుక రెండవది. చూచినదానిని, అనుభవించినదానిని స్వంతమాటలలో వ్రాసికొనుట మూడవది. లోకము ఈ మూడింటిని మూడు చోట్ల నుంచినది. యోగము మునులదనియు, ధ్యానము సన్న్యాసులదనియు, రచన కవులదనియు విభజించుకొని, మనకేల యని మనము ఊరకున్నాము. పొలమునకు నీరు కట్టుకొనువానికి, పశువులకు మేత వేయువానికి, మనుమలను బడికి పంపువానికి వీనితో పనిలేదని తలంతుము. అట్లు తలంచుట పొరపాటని నా అనుభవము. ఈ మూడును ఒక్క యింటి అరుగుమీద, ఒక్క యుదయమున, ముప్పావుగంట కాలములో ఇముడునని మనవి చేయుటయే నా యుద్దేశము.

మొదట ఒక మాటను గూర్చి ముచ్చటించెదను. మన భాషలో ‘పరాకు’ అను పదము చిత్రమైనది. మాట వినక దిక్కులు చూచువానిని ‘పరాకుగా నున్నాడు’ అందుము. రాజసభలలో వేత్రహస్తులు ‘బహుపరాకు’ అని హెచ్చరించునపుడో, అదే పదము సావధానముగా నుండుమను అర్థమునిచ్చును. ఒకే పదములో మఱపును హెచ్చరికయు ఇమిడియున్నవి. మనస్సు స్వభావము కూడ నిట్టిదే. అది తొలగిపోవుటయు, తొలగిపోయినట్లు తెలిసికొని తిరిగి వచ్చుటయు, రెండును దానికి సహజములే. సాధన యనునది తొలగిపోకుండ కట్టివేయుట కాదు. తిరిగి వచ్చుటను నేర్పుట.

ఈ సంగతిని తెలుగువారికి బోధించుటకు దూరమునుండి దృష్టాంతము తేనక్కఱలేదు. అష్టావధానము మన సొత్తు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అను జంటకవులు, అనగా తిరుపతి వేంకటకవులు, ఆంధ్రదేశమందలి సంస్థానములలోను ఊళ్లలోను దానిని ప్రదర్శించి జనసామాన్యమునకు ప్రియము చేసిరి. వేంకటశాస్త్రిగారు 1950లో స్వర్గస్థులైరి. నేటికిని ఆ విద్య నశింపలేదు. అవధాని చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు, ఒకరు వర్ణన కోరుదురు. మఱియొకచోట ఎవరో గంట కొట్టుచుందురు. ఆ గంటలను సైతము లెక్కపెట్టుకొనవలెను. వీరందఱికి తోడు అప్రస్తుతప్రసంగి యొకడు. అతని పని యేమనగా, పద్యము సాగుచుండగా అడ్డుతగిలి, ‘అవధానిగారూ, ఇంటివద్ద నేమి కూర వండినారు?’ అని యడుగుట.

ఇక్కడ మనము గమనింపదగినది ఒకటి కలదు. అవధాని ఆ అప్రస్తుతప్రసంగిని సభనుండి వెడలగొట్టడు. కోపింపడు. అతనికి నవ్వుచు సమాధానము చెప్పి, విడిచిన పాదమునొద్దకు మరలి వచ్చును. చివరకు పద్యములన్నిటిని వరుసగా ఒప్పగించును. ఆ ఒప్పగింతకు ధారణ యని పేరు. పతంజలి చెప్పిన యోగాంగములలో ఆఱవదానికిని ధారణ యనియే పేరు. మనస్సును ఒక్కచోట నిలుపుట దాని యర్థము. చూడుడు, కవితయు యోగమును మనదేశమున నొక్క పదమును పంచుకొన్నవి.

ఇక యోగమును గూర్చి. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. 2015 నుండి అది జరుగుచున్నది. యోగమనగానే చేతులు కాళ్లు మెలివేయుటయే యని పిల్లలు తలంచుచున్నారు. పతంజలి చెప్పినవి ఎనిమిది అంగములు: యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి. ఆసనము వీనిలో మూడవది మాత్రమే. 190కి పైగా నున్న ఆయన సూత్రములలో ఆసనమును గూర్చినవి మూడే. అవియు, కూర్చుండుట స్థిరముగాను సుఖముగాను ఉండవలెనను భావమునే ప్రధానముగా చెప్పును. మనమెఱిగిన పెక్కు ఆసనములు తరువాతి కాలపు హఠయోగగ్రంథములలో వివరింపబడినవి. కావున మోకాళ్లు వంగని పెద్దలు పద్మాసనము వేయలేకపోతిమే యని చింతింప పనిలేదు. కుర్చీలో వెన్ను నిలిపి కూర్చుండినను, గోడకు పీట వేసికొని కూర్చుండినను, స్థిరమును సుఖమునైనచో అది ఆసనమే.

ఊపిరి సంగతి కొంచెము వివరించెదను. మనము ఊపిరి లోనికి తీసికొనునపుడు గుండె ఇంచుక వేగముగా కొట్టుకొనును, విడుచునపుడు నెమ్మదించును. మెదడునుండి గుండెకును కడుపునకును పోవు వేగస్ అను నాడి ఈ నెమ్మదింపునకు కారణము. విశ్రాంతిగా నున్న మనుష్యుడు నిమిషమునకు సామాన్యముగా 12 మొదలు 20 పర్యాయములు ఊపిరి పీల్చును. దానిని బలవంతము లేకుండ నిదానింపజేసి, తీసికొనుటకంటె విడుచుటను దీర్ఘము చేసినచో, గుండెయు మనస్సును కొంత శాంతించును. ఇందులో మంత్రమేమియు లేదు. దేహము నిర్మాణమే అట్టిది. రక్తపుపోటు గలవారును గుండెజబ్బు గలవారును ఊపిరి బిగబట్టరాదు. కంటిలో నీటికాసులున్నవారు తలక్రిందుల ఆసనముల జోలికి పోరాదు.

ఎఱుకను గూర్చి బుద్ధభగవానుని ఉపదేశములలో విపులమైన వివరణ కలదు. పాలీభాషలో ‘సతి’ యనియు, సంస్కృతమున ‘స్మృతి’ యనియు దానిని పిలిచిరి. దేహమును, సుఖదుఃఖముల వేదనలను, చిత్తమును, ధర్మములను ఉన్నవి ఉన్నట్లు గమనించుట అందలి నాలుగు మెట్లు. కృష్ణాతీరమున అమరావతియందును నాగార్జునకొండయందును బౌద్ధవిహారములుండిన దేశము మనది. కావున ఈ మాట మనకు పరాయిది కాదు. 1979లో అమెరికాదేశమున మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలయందు జాన్ కబట్-జిన్ అను నాయన, తీఱని నొప్పులతో బాధపడు రోగులకొఱకు ఈ యెఱుకను కొన్ని యోగాసనములతో కలిపి, మతప్రసక్తి లేకుండ, పాఠముగా నేర్ప మొదలిడెను. నొప్పిని పోగొట్టుట అందలి ప్రతిజ్ఞ కాదు. నొప్పితోపాటు మనస్సు అల్లుకొను భయమును, విసుగును వేఱుగా చూచుట నేర్పుటయే అందలి మర్మము.

మూడవది వ్రాత. ప్రతిదినము వ్రాయుట మనవారికి క్రొత్త కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1424 మొదలు 1503 వఱకు శ్రీవేంకటేశ్వరునిపై సంకీర్తనములు రచించెను. దినమున కొక్కటికి తక్కువ కాకుండ రచించెనని సంప్రదాయము. అవి రాగిఱేకులపై చెక్కబడి తిరుమల ఆలయములో భద్రపఱుపబడెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండి, 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేఱి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. దారిలో చూచిన ఏళ్లు, బాటలు, ఊళ్లు, ఆచారములు అన్నియు ఏనాటి కానాడు వ్రాసి యుంచిరి. ఆ వ్రాత 1838లో ‘కాశీయాత్రచరిత్ర’ యను పేర అచ్చుపడినది. ఆయన మహాకవి కాడు. చూచినదానిని చూచినట్లు వ్రాసినవాడు. అందువలననే నేటికిని అది చదువదగినదిగా నున్నది. ఇక రామకోటి వ్రాయుట మీలో పెక్కుమందికి తెలిసినదే. చేతికిని నాలుకకును మనస్సునకును ఒక్కటే పని యిచ్చు సాధన అది.

అయితే మనస్సులోని గాయమును వ్రాయుట వేఱొక జాతి పని. 1986లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమును గూర్చి చెప్పెదను. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన తోడి పరిశోధకురాలితో కలిసి 46 మంది విద్యార్థులచేత వరుసగా నాలుగు దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున వ్రాయించెను. కొందఱకు సామాన్యవిషయము లిచ్చెను. కొందఱను తమ జీవితములోని లోతైన దుఃఖమును గూర్చి వ్రాయుమనెను. దుఃఖమును వ్రాసినవారు అప్పటికప్పుడు మఱింత దిగులు పడిరి. కాని, జరిగిన సంగతిని, దానివలన తమకు కలిగిన బాధను, రెండింటిని కలిపి వ్రాసినవారు తరువాతి ఆఱు నెలలలో వైద్యశాలకు పోవుట తగ్గినది. తర్వాత ఇట్టి ప్రయోగములు అనేకములు జరిగినవి. 2006లో 146 పరిశోధనలను కలిపి లెక్కచూడగా, మేలు నిజమే గాని అది స్వల్పమని తేలినది. స్వల్పమైనను, ఖర్చు ఒక కాగితము, ఒక కలము మాత్రమే గదా.

ఇంతవఱకు చెప్పినది ఇతరుల సంగతి. ఇక నా సంగతి.

నేను చిరకాలము బడిపంతులుగా నుండి పని చాలించుకొన్నవాడను. నాకొక అన్నగారుండిరి. మా తండ్రిగారు పోయిన పిమ్మట చెఱువు క్రింది పొలము మేమిరువురము పంచుకొంటిమి. కొన్నియేండ్లకు గట్టుతగవు వచ్చినది. గట్టు ప్రక్కన కాపు మీదనున్న చింతచెట్టొకటి కలదు. అది ఎవరి వంతులోనిదని ప్రశ్న. పెద్దమనుష్యులు గొలుసు పట్టి కొలిపించిరి. చెట్టు నాకు వచ్చినది. ఆనాడు మొదలు అన్నగారు నాతో మాటలాడలేదు. మా రెండిండ్లకు నడుమ నున్నది ఒక్క గోడ. తొమ్మిది సంవత్సరములు ఆ గోడకు ఆవల ఆయన దగ్గును నేను వింటిని, ఈవల నా దగ్గును ఆయన వినెను.

ఆ కాలములో నేను ఆసనములు మానలేదు. దేహము చక్కగానే యుండెను. కాని శవాసనమున పరుండి కన్నులు మూయగానే లోపల అన్నగారితో వాదము మొదలగుచుండెను. కదలక పరుండినది దేహము మాత్రమే. అప్పుడు నాకొక మిత్రుడు, ‘వాదమును ఆపబోకుము, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియుచున్నదో చూడుము’ అనెను. చూడ మొదలిడితిని. కొన్ని దినములకు విచిత్రమొకటి కనబడినది. వాదము ఎటు తిరిగినను కొలత జరిగిన దినమునొద్దకు వచ్చుసరికి నా యూపిరి చిన్నదగుచుండెను. వెంటనే మనస్సు మఱియొక సంగతికి దుముకుచుండెను. అప్రస్తుతప్రసంగి ఎప్పుడును ఒక్క సమయముననే లేచుచున్నాడని తెలిసినది. ఏల లేచుచున్నాడో మాత్రము తెలియలేదు.

అప్పుడు వ్రాయబూనితిని. అన్నగారికి ఉత్తరము వ్రాయుచున్నట్లే, పంపను గదా యను ధైర్యముతో వ్రాసితిని. మొదటి దినము పుటనిండ ఆయన తప్పులే. రెండవ దినము అవియే తప్పులు, ఇంకను కటువైన మాటలలో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడవ దినము, ఎందువలననో, చిన్ననాడు వాన కాలములో ఆయన నన్ను భుజములమీద నెక్కించుకొని కాలువ దాటించి బడికి దింపిన సంగతి వ్రాసితిని. నాలుగవ దినము నా కలము ఆగినది. ఊపిరి చిన్నదైనది. ఈసారి నేను దుమికి తొలగిపోక, ఊపిరి మరల నిలుకడ పడువఱకు అట్లే కూర్చుంటిని. తర్వాత వ్రాసినది రెండు పంక్తులు. కొలతకు ముందటి వేసవిలో గట్టు చెక్కించుచుండగా పాత హద్దురాయి నా గునపమునకు తగిలినది. అది చెట్టునకు నావైపున నున్నది. నేను దానిపై మన్ను కప్పితిని.

‘హద్దురాయి ఎవరికైన తెలియునా?’ అని పెద్దమనుష్యులడిగిన నాడు నేను తలవంచుకొని యూరకుంటిని. అబద్ధమాడలేదని తొమ్మిదేండ్లు నన్ను నేను సమాధానపఱచుకొంటిని. యోగాంగములలో మొదటిదైన యమములోనే సత్యము చేరియున్నది. మొదటి మెట్టును విడిచి మూడవ మెట్టుమీద నేను వ్యాయామము చేయుచుంటిని.

ఆ సాయంకాలమే అన్నగారి యింటికి పోయితిని. అరుగుమీద కూర్చుండియుండిరి. ‘అన్నయ్యా, హద్దురాయి నాకు తెలియును. మన్ను కప్పినది నేనే’ అంటిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, ‘తెలియదనుకొన్నావురా? పాలేరు ఆనాడే చెప్పినాడు. నీ నోట వినవలెనని చూచుచున్నాను’ అనిరి. లోపలివైపు తిరిగి, ‘చిన్నవాడు వచ్చినాడు, కాఫీ తెండి’ అని కేక వేసిరి. చెట్టును ఆయన వంతులో చేర్పించితిని. ఆ తర్వాత రెండు సంక్రాంతులు మేము ఒక్క పంక్తిని కూర్చుండి భుజించితిమి. మూడవ సంక్రాంతికి ఆయన లేరు. పోయిన తొమ్మిదేండ్లు నాకు తిరిగి రాలేదు, రావు. ఈ సాధన ఏల ముందుగా మొదలిడకపోతినని మాత్రము విచారము మిగిలినది.

పెద్దలారా, దీనివలన నేను గ్రహించినది ఇది. ఆసనము దేహమును నిలిపినది, కాని లోని వాదమును ఆపలేదు. ఎఱుక వాదము ఎక్కడ తప్పించుకొనుచున్నదో చూపినది, కాని కారణము చెప్పలేదు. వ్రాత కారణము చెప్పినది. ఆ సమయమున పాఱిపోకుండ నన్ను నిలిపినవి మొదటి రెండును. మూడును కలిసినగాని పని జరుగలేదు.

చేయదలచినవారికి నేను అనుసరించు క్రమమును తెలిపెదను. తెల్లవారుజామున కాలకృత్యములు తీర్చుకొని, సెల్ ఫోను వేఱొక గదిలో నుంచి, అరుగుమీద కూర్చుండుడు. మొదటి 15 నిమిషములు దేహమునకు. గోడను ఆనుకొని నిలువబడి చేతులు మెల్లగా పై కెత్తుట, మెడను భుజములను త్రిప్పుట, కూర్చుండి నడుమును ఇరువైపులకు కొద్దిగా మళ్లించుట, చివర శవాసనము. నొప్పి పుట్టినచోట ఆగవలెను. తర్వాతి 15 నిమిషములు ఊపిరికి. నాసికయొద్ద రాకపోకలను గమనింపుడు. మనస్సు ధాన్యపు ధరమీదికో కోడలి మాటమీదికో పోవును. పోయినదని తెలిసిన క్షణమున విసుగుకొనక మరల ఊపిరియొద్దకు రండి. నూఱుసారులు పోయినచో నూఱుసారులు రండి. ఆ వచ్చుటయే సాధన.

చివరి 15 నిమిషములు వ్రాతకు. అందుకు మూడు నియమములు పెట్టుకొనుడు. ఒకటి, చూచినదానిని పేరుపెట్టి వ్రాయుడు. ‘చెట్టు’ అనక ‘దక్షిణపు గట్టుమీది తుమ్మ’ యనుడు. రెండు, జరిగినదానిని, అది మీకు కలిగించిన భావమును, రెండింటిని వ్రాయుడు. మూడు, అక్షరదోషములకు ఆగకుడు. కన్ను కనబడనివారు చెప్పుచుండగా మనుమరాలో మనుమడో వ్రాయవచ్చును. ఆ బిడ్డకు అదియొక చదువు. పద్యమునందు ఆసక్తి గలవారు ఆటవెలదిని ప్రయత్నింపుడు. మొదటి పాదమున మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండవ పాదమున అయిదును సూర్యగణములే. మూడు నాలుగు పాదములు వరుసగా వీనివంటివే. గణములు సరిచూచుకొనుచున్నంతసేపు మనస్సు మఱియొకచోటికి పోవుటకు తీఱిక యుండదు. యోగి యని మనము పిలుచు వేమన ఈ ఛందమునే చేపట్టుట మీ రెఱుగుదురు.

హెచ్చరికలు రెండు. దుఃఖమును వ్రాయునపుడు మొదటినాటి మాటలే నాలుగవనాడును వచ్చుచున్నచో, అది పుండును గోకుకొనుట యగును. ఆ విషయమును విడిచి, కంటి ఎదుట నున్న వేపచెట్టును గూర్చి వ్రాయుడు. వారములతరబడి నిద్రయు ఆకలియు లేక, బ్రతుకుమీద విరక్తి కలిగినవారు ఈ సాధననే నమ్ముకొని కూర్చుండక, ఇంటివారితో చెప్పి వైద్యుని చూడవలెను. వ్రాసిన కాగితములు మీ సొత్తు. దాచుకొనవచ్చును, చించివేయవచ్చును. అందులోని నిజము మఱియొకరికి చెందినదైనచో మాత్రము, దానిని వారికి చేర్చువఱకు వ్రాత ముగిసినట్లు కాదు.

మనవంటి పెద్దలకు పొలము పనులు తగ్గినవి, నిద్రయు తగ్గినది. తెల్లవారుజామున మెలకువ వచ్చి, పాతసంగతులు తలంచుకొనుచు పక్కమీద పొరలుచుందుము. ఎటులను వచ్చు మెలకువయే. దానిని అరుగుమీదికి తెచ్చుకొనుడు. ఎవరి గోడకు ఆవల ఎవరి దగ్గు వినబడుచున్నదో మీకు తెలియును. అది వినబడుచున్నంతకాలము సమయము మించిపోలేదు.